కోర్టు పిలవలేని సాక్షి

పొద్దున్నే మెట్లు దిగుతున్న లాయరమ్మకి ఆఖరి మెట్టు మెత్తగా లోపలికి పోయినట్టనిపించింది. రాతిమెట్టు. ఎక్కడికీ పోలేదు. అయినా గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఆఫీసు బండి డ్రైవరు చచ్చిపోయినప్పటినుంచీ ఇదే వరస. ఎక్కడ కాలు దించినా చెవి పక్కన అదే గొంతు: “బ్రేకు పెడల్ దిగిపోతోంది మేడమ్.”

వంటింట్లో అత్తగారు బీన్స్ తుంచుతోంది.

“కళ్ళు చూడు, ఎలా గుంటలు పడ్డాయో. రాత్రి కూడా నిద్ర లేదా?”

“పనెక్కువగా ఉందత్తయ్యా.”

“ఏం పని? ఆ డ్రైవరు పెళ్ళాం నోరు నొక్కే పనేనా?”

గడ్డం గీసుకుంటున్న మొగుడు ఆ మాట వినగానే బాత్రూం తలుపు చప్పుడు కాకుండా గడియ పెట్టుకున్నాడు. అత్తాకోడళ్ళ మధ్య ఆయన పాటించే తటస్థ విధానం అది.

లాయరమ్మ పనిచేసేది చాలా దేశాలు కలిసి పెట్టుకున్న ఒక సంస్థలో. కోర్టులో వాదించదు. లోపల కూర్చుని సంస్థకి చిక్కు రాకుండా చూస్తుంది. ఆ సంస్థని ఏ దేశపు కోర్టూ బోనెక్కించడానికి వీల్లేదు. రోగాలూ యుద్ధాలూ ఉన్నచోట పనిచేసేవాళ్ళ మెడ మీద ఏ ప్రభుత్వమూ కత్తి పెట్టకూడదని కట్టిన గోడ అది. మంచికే కట్టారు. ఇప్పుడు ఆ గోడ వెనక ఒక చచ్చిపోయినవాడి పేరు పాతిపెడుతున్నారు.

కొండదారిలో బండి లోయలో పడి డ్రైవరూ, అతని పక్కన కూర్చున్న నర్సూ పోయారు. సంస్థ తన విచారణ తనే చేసుకుని ‘డ్రైవరు నిర్లక్ష్యం’ అని తేల్చేసింది. అది అబద్ధమని అతని భార్య కోర్టుకెళ్ళింది. ‘మమ్మల్ని విచారించే అధికారం మీకు లేదు’ అన్న జవాబు మీద లాయరమ్మ ఈ రోజు సంతకం పెట్టాలి.

“నువ్వు లోపలికి రామ్మా,” అని అత్తగారు పెరటి వైపు కేకేసింది.

డ్రైవరు భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

లాయరమ్మ వెనక్కి తగ్గింది. “అత్తయ్యా, నేనీవిడతో మాట్లాడకూడదు. కేసులో అవతలి పక్షం.”

“నా వంటింట్లో పక్షాల్లేవు. నిన్ను తీసుకెళ్ళడానికొచ్చినప్పుడల్లా ఇదే గుమ్మంలో నిలబడి నాతో కాఫీ తాగేవాడు ఈమె మొగుడు. కూర్చుని విను!”

“డబ్బు కోసం రాలేదమ్మా,” అంది డ్రైవరు భార్య. “మా పెద్దదాన్ని స్కూల్లో ‘నర్సుని చంపినోడి కూతురు’ అంటున్నారు. అది వాళ్ళ నాన్న మాటే ఎత్తడం మానేసింది. ఆయన నిజంగానే చూసుకోకుండా నడిపాడా? రోజూ ఆ బండిలో తిరిగినవాళ్ళు, మీరు చెప్పండి.”

“ఈ విషయంలో సంస్థ వైఖరి…”

“సంస్థకి నోరుందటే?” అత్తగారు గిన్నె పక్కకి నెట్టింది. “అడిగింది నిన్ను!”

బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

“బ్రేకులు బాగాలేవు,” అంది లాయరమ్మ. “ముందే నాతో చెప్పాడు.”

డ్రైవరు భార్య తలుపు చెక్క పట్టుకుంది. “ఈ మాట కోర్టులో చెప్తారా?”

“కోర్టు నన్ను పిలవడానికి వీల్లేదు. ఉద్యోగంలో విన్న మాట చెప్పాలంటే సంస్థ ఒప్పుకోవాలి. ఉద్యోగం మానేసినా అంతే.”

“ఒప్పుకునేదెవరు?” అంది అత్తగారు.

“మా పెద్దాయన.”

“ఆయనకి సలహా ఇచ్చేది?”

“నేనే.”

“బాగుంది! నీ నోటికి నువ్వే తాళం వేసుకుని, రాత్రంతా ఇంట్లో తిరుగుతావా దెయ్యంలా?”

లాయరమ్మ ఫోను తీసి పెద్దాయనకి చేసింది. “సార్, ఈ కేసులో నేనిక సలహాదారుని కాదు, సాక్షిని. ఫైలు ఇంకొకరికి ఇవ్వండి. నన్ను మాట్లాడనివ్వండి.”

“బాగా ఆలోచించే అంటున్నావా?”

“ఆలోచించే కదండీ ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.”

పెద్దాయన ఏ సంగతీ చెప్పకుండా పెట్టేశాడు. డ్రైవరు భార్య ఏడవలేదు, దండం పెట్టలేదు. “కోర్టు సంగతి తర్వాత. ముందు మా అమ్మాయికి చెప్పండి,” అంది.

ఇద్దరూ డ్రైవరు ఇంటికి నడిచే వెళ్ళారు. ఇరుకు సందు, ఆనుకుని ఇళ్ళు. తలుపు తీసిన పిల్ల అంతా విని అడిగింది:

“నాన్న చెప్తే మీరేమన్నారు?”

ఎన్ని ప్రశ్నలనుంచి సంస్థని తప్పించిందో లాయరమ్మ! ఈ ఒక్కదాన్నుంచి తప్పించుకోలేకపోయింది.

“కాగితం మీద రాసిమ్మన్నానమ్మా.”

“మీ ఆఫీసు భాష రాయడం నాన్నకి రాదు.”

“తెలుసు. తెలిసే అన్నాను.” లాయరమ్మ గుమ్మం ముందే కూలబడి ఏడ్చింది. ఎవరూ లేవమనలేదు.

ఆ పిల్ల అంది, “అయితే నాన్న తప్పు లేదుగా?”

“లేదమ్మా.”

“ఇక్కడ కాదు. వీధిలోకొచ్చి గట్టిగా చెప్పండి.”

లాయరమ్మ లేచి సందు మధ్యలో నిలబడింది. జీవితంలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి. “ఆ డ్రైవరు తప్పు లేదు!” అని అరిచింది. మళ్ళీ అరిచింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. దాని పక్కది కూడా. ఆ పిల్ల వచ్చి ఆవిడ పక్కన నిలబడింది.

“ఇంకోసారి,” అంది.