రెండో భాగంలో ఉండకూడనివి

"ఏంది, నీ కంప్యూటర్ పనిచేస్తలేదా? నాది చూస్తున్నవ్?"

హీరాలాల్ ఉలిక్కిపడి తల తిప్పుకున్నాడు. పక్క కుర్చీలో అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి అతన్నే చూస్తోంది.

రెండు వేల ఏడు, వానాకాలం. భద్రాచలం దగ్గర సారపాకలో బాలకృష్ణ అనే ఆయన నడిపే నెట్ సెంటర్ అది. హీరాలాల్‌ది టేకులపల్లి దగ్గర తండా. డిప్లొమా అయ్యాక పేపర్ మిల్లులో ఎలక్ట్రికల్ ట్రైనీగా చేరాడు. డ్యూటీ దిగగానే ఇక్కడికొచ్చి 'సిటీ రోవర్' ఆడకపోతే అతనికి అన్నం సహించదు. నగరంలో కారేసుకుని ఎటంటే అటు తిరిగే ఆట. దానికి రెండో భాగం రాబోతోంది. అందులో ఏమేం ఉండకూడదో చెప్పమని ఒక వెబ్‌సైట్ ఆడేవాళ్ళనే అడిగింది.

ఆ అమ్మాయి టకటకా టైప్ చేస్తున్నది అదే పేజీలో.

"నువ్వు గూడ ఆడతవా?"

"ఆడపిల్లలు ఆడొద్దని రాసుందా?"

"అయ్యో, గట్లనలే. ఏం తీసేయమన్నవ్?"

ఆమె కోపం కొంచెం దిగింది. "హీరో నీళ్ళల్ల పడంగనే చచ్చిపోవుడు. గోదారి పక్కన ఉండెటోళ్ళం, చూస్తే నవ్వొస్తది."

"కరెక్ట్. పోలీసులు ఆకాశంలకెళ్లి ఊడిపడుడు గూడ!"

"రాసిన. ఇంక లవ్ మీటర్."

ఆ ఆటలో హీరో బహుమతులు ఇస్తుంటే ప్రేయసి నెత్తిమీద ఎర్ర మీటర్ నిండుతుంది. ఇవ్వడం మానేస్తే పడిపోతుంది, ఆమె వెళ్ళిపోతుంది.

"అది తీసేస్తే ఎట్ల? పిల్లకు ఇష్టముందో లేదో ఎట్ల తెలుస్తది?"

"నోరుంది గదా, అడగాలె. పిల్ల ఏమన్న కరెంటు మీటరా, రీడింగ్ చూసుకునేటందుకు?"

రోజూ మీటర్ల మధ్య బతికే ట్రైనీ తల గోక్కున్నాడు. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. "యాడీ..." అంటూ లంబాడీలో వాళ్ళమ్మతో గలగలా మాట్లాడింది. హీరాలాల్ గుండె ఒక్క గంతు వేసింది. మనోళ్ళ పిల్ల!

పేరు సోని. వాళ్ళ నాన్న మిల్లులోనే పనిచేస్తాడు. ఆమె భద్రాచలంలో డిగ్రీ చదువుతోంది. ఆనాటి నుంచి సాయంత్రం కాగానే పక్కపక్క కుర్చీల్లో ఇద్దరి పోట్లాట మొదలయ్యేది. రెండో భాగంలో అది వద్దంటే ఇది వద్దని. వాన కురిస్తే ఇంకా మంచిది, తగ్గేదాకా కూర్చోవచ్చు. ఒక్కోసారి వాన వెలిసిన సంగతి ఇద్దరికీ తెలిసేది కాదు. తెలిసినా ఇద్దరూ చెప్పుకునేవారు కాదు.

ఒకరోజు బాలకృష్ణ కౌంటర్ దగ్గర నుంచి అరిచాడు. "బానోత్ బాబూ, నీ టైం అయిపోయింది!"

"ఆ, లేస్తున్నన్నా," అన్నాడు హీరాలాల్.

సోని ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. బ్యాగు తీసుకుని, చెప్పకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు దూరంగా ఉన్న కుర్చీలో కూర్చుంది. హీరాలాల్ నవ్వుతూ పలకరిస్తే తల కూడా ఎత్తలేదు. "బాగున్న, భయ్యా," అంది.

భయ్యా! ఆ మాట కరెంటు షాకులా తగిలింది.

ఏం తప్పు చేశాడో తెలియక రాత్రంతా దొర్లాడు. చివరికి ఆటలో నేర్చిన విద్యే ప్రయోగించాడు. ఒకరోజు చాక్లెట్లు. ఇంకోరోజు భద్రాచలం నుంచి గాజులు. ఆ తర్వాత జీతంలో సగం పోసి కొన్న పెన్‌డ్రైవ్. అన్నీ అట్లాగే తిరిగొచ్చాయి.

పెన్‌డ్రైవ్‌ను అతని ముందు పెట్టేసింది సోని. "నన్ను గూడ ఆటల పిల్ల అనుకున్నవా? ఇచ్చుకుంట పోతే మీటర్ నిండుతదనుకున్నవా?"

గబగబా బయటికి నడిచింది. జోరువాన. హీరాలాల్ వెంటపడి, మూసిన కిరాణా దుకాణం రేకుల కింద ఆమెను అందుకున్నాడు. రేకుల మీద వాన చప్పుడుకి గట్టిగా అరవాల్సి వచ్చింది.

"సోనీ! నువ్వంటే నాకిష్టం! నేనంటే నీకిష్టమా కాదా? అదొక్కటి చెప్పు, పోత!"

సోని కళ్ళు నిండాయి. "ఇష్టముంటే ఏం లాభం? నువ్వు బానోత్, మేం బానోత్. ఒక్క గోత్రం. అన్నాచెల్లెళ్ళ వరస. ఇంట్ల తెలిస్తే చంపుతరు!"

హీరాలాల్ నోరు తెరిచాడు. తర్వాత పడీపడీ నవ్వడం మొదలుపెట్టాడు.

"నవ్వొస్తుందా నీకు?"

"బానోత్ నేను గాదు, నా రూమ్మేట్ కోటేష్! వాడు నెట్ సెంటర్ల గంటలు ముందే కొనిపెట్టుకుని ఊరికి పోయిండు. వాని పేరు మీద ఆడుతున్న. బాలకృష్ణన్న నన్నే వాడనుకుంటుండు. నేను భూక్యా హీరాలాల్! మాది వేరే గోత్రం!"

సోని గోడకు ఆనుకుంది. ఊపిరంతా ఒక్కసారి వదిలేసింది. ఏడుస్తుందో నవ్వుతుందో ఆమెకే తెలియలేదు. "నిజంగా భూక్యా?"

"అమ్మతోడు."

"మరి ముందుగాల చెప్పేందుకేం?" బ్యాగుతో భుజం మీద ఒక్కటిచ్చింది. "ఎన్ని రోజులు ఏడ్చిన్నో ఎరికేనా?"

ఆదివారం హీరాలాల్ సోని వాళ్ళింటికి వెళ్ళాడు. వాళ్ళమ్మ మంగ్లి చాయ్ ఇచ్చి, చుట్టరికాలన్నీ ఒక్కొక్కటిగా అడిగింది. ఏ తండా, అమ్మ ఎవరింటి ఆడపడుచు, తాతలెవరు. ఎక్కడా చిక్కు తగల్లేదు. వాళ్ళ నాన్న మాత్రం, ఉద్యోగం పర్మనెంట్ ఎప్పుడవుతుందని హీరాలాల్‌ను అడిగాడు.

"వచ్చే ఏడు, మామా," అనేసి హీరాలాల్ నాలుక కరుచుకున్నాడు. లోపలి గదిలోంచి సోని నవ్వు వినిపించింది. ఆయన మీసాల చాటున నవ్వాపుకుంటూ, "మీ పెద్దమనుషులను తోల్కరా," అన్నాడు.

బయటికి రాగానే తండాకు ఫోన్ చేశాడు హీరాలాల్.

"బాపూ, నువ్వూ అమ్మా ఒకసారి సారపాకకు రావాలె."

"ఏమైంది రా? పాణం బాగలేదా?"

"బాగానే ఉంది. ఊకెనే."

సంగతి అర్థమైనట్టు బాపు గొంతు తగ్గించాడు.

"ఎవలోళ్ళు?"

"బానోతోళ్ళు."

బాపు తేలిగ్గా వదిలిన ఊపిరి ఫోన్‌లో స్పష్టంగా వినిపించింది.

"హమ్మయ్య. పిల్ల పేరేంది రా?"