మూడో బెల్టును చంపిందెవరు?

శవం ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీద పడి ఉంది.

నల్లటి రబ్బరు శవం. రెండు అంచులూ అరిగి అద్దంలా మెరుస్తున్నాయి. ట్రాక్టర్ ఆల్టర్నేటర్ బెల్టు.

నవ్వు ఆపుకోవడానికి హెడ్ కానిస్టేబుల్ ఫ్యాన్ వంక చూస్తున్నాడు. బెల్టు తెచ్చిన రైతింటి చిన్నకోడలు అతన్ని లెక్కచేయలేదు.

"ఈ నెలలో ఇది మూడోది. ఎవరో కావాలనే పాడుచేస్తున్నారు. కేసు రాసుకోండి."

ఆమె చెప్పింది ఇది. బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చేది ఆల్టర్నేటర్. దాన్ని తిప్పేది ఈ బెల్టు. బెల్టు జారితే వీధంతా వినపడేలా కీచుమంటుంది, బ్యాటరీ చస్తుంది. చేలో ఒకసారి ఇంజిన్ ఆపితే ఇక స్టార్ట్ కాదు. ఆమె మొగుడు లారీ తోలుతూ ఊళ్ళు తిరుగుతుంటాడు. ట్రాక్టర్ నేర్పింది పోయిన మామగారు. మూడోసారి ఆగితే అమ్మేయాల్సిందేనని బావగారు అందరి ముందూ మాట తీసుకున్నాడు. నిన్న మూడోసారి ఆగింది. కొనేవాడు ఇవాళ పదింటికి వస్తాడు.

"అమ్మేస్తే బావగారి మాటకి తలూపుతూ వంటింట్లో కూర్చోవాలి. నా వల్ల కాదు సార్."

తెలివైన ఇన్‌స్పెక్టరైతే నవ్వి పంపించేసేవాడు. ఈయన తెలివికేం గానీ, మొండితనంలో మాత్రం మొనగాడు. బెల్టును వేళ్ళతో రుద్దాడు. వాసన చూశాడు. ఎనిమిదింపావుకి జీప్ తీయమన్నాడు.

ఆ ఇంటి ఇనప గేటు సద్దు లేకుండా తెరుచుకుంది. వరండాలో అత్తగారు కుట్టుమిషన్ తొక్కుతోంది. మెకానిక్, బావగారు షెడ్డు దగ్గర ఉన్నారు. బరువైన షెడ్డు తలుపుని ఇన్‌స్పెక్టర్ ఒంటి చేత్తో తోస్తే అదీ కిక్కురుమనకుండా జరిగింది.

ముందు మెకానిక్ వంతు.

"బెల్టు బిగువు చూశావా?"

"బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి. దిగింది సార్."

"పుల్లీ గాడి కడిగావా?"

"కొత్త బెల్టు వేశాక ఇంక కడగడం దేనికి సార్?"

ఇంజిన్‌లోంచి ఆయిల్ కారుతోందేమోనని అతని అనుమానం. ఇన్‌స్పెక్టర్ ఇంజిన్ చుట్టూ చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. తెల్ల రుమాలు తీసి పుల్లీ గాడిలో తిప్పాడు. రుమాలుని వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు.

తర్వాత బావగారు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. గ్రీజు అంటుతుందని తాను ట్రాక్టర్ దరిదాపులకే పోనన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది.

"దాన్ని వేరే ఎవరో పాడుచెయ్యాలా? ఆడదాని చేతికిస్తే బండి దానంతటదే పాడవుతుంది."

చిన్నకోడలు అప్పుడే ఆయన వైపు తిరిగింది. "బండికి ఆడా మగా తెలీదు బావగారూ. ఆ బాధంతా మీకే."

పదికి పావు తక్కువకి ఇన్‌స్పెక్టర్ అందర్నీ వరండాలోకి పిలిచాడు. రుమాలు పరిచాడు.

"మొదటి బెల్టు పాతబడి వదులై అరిచింది. అందులో నేరమేం లేదు. తర్వాతవి రెండూ నూనె తగిలి చచ్చాయి. వాడిన ఇంజిన్ ఆయిల్ నల్లగా మసిలా ఉంటుంది. ఈ మరక చూడండి, నీళ్ళలా ఉంది. మనిషి చేత్తో వేసిన నూనె ఇది." ఆయన గేటు వైపు చెయ్యి చూపించాడు. "ఇంకోటి. పొద్దుట్నుంచీ వింటున్నాను. ఈ ఇంట్లో గేటు కిర్రుమనదు. తలుపు కిర్రుమనదు. అన్నిటికీ నూనె పోసే చెయ్యి ఒకటుంది."

మిషన్ ఆగింది. దాని పక్కనే చిన్న నూనె డబ్బా ఉంది.

"నేనే పోశాను," అంది అత్తగారు. "అయితే ఏంటి? కిర్రుమంటే నూనె పొయ్యరా? నా కోడల్ని వీధిలో కీచు డ్రైవరమ్మ అంటుంటే చెవులు మూసుకు కూర్చోవాలా? రోజూ తెల్లారేసరికి ఆ బెల్టు మీద నాలుగు చుక్కలు పోశా. కాసేపు నోరు మూసుకునేది. మళ్ళీ అరిస్తే ఇంకో నాలుగు పోశా."

చిన్నకోడలికి కోపం వచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ మింగింది.

"బెల్టు పట్టు మీద తిరుగుతుంది అత్తయ్యా. నూనె పోస్తే పట్టు పోదూ?"

"ఆ ముక్క మీ మామ నాకు చెప్పి చచ్చాడా? నేర్పింది నీకేగా."

మెకానిక్ కదలబోయాడు. చిన్నకోడలు చెయ్యి అడ్డం పెట్టింది. సబ్బునీళ్ళతో పుల్లీ గాళ్ళు తనే కడిగింది, పొడిగుడ్డతో తుడిచింది. మెకానిక్ తెచ్చిన కొత్త బెల్టు తొడిగింది. గడ్డపారతో ఆల్టర్నేటర్‌ని వెనక్కి ఎగదన్ని బోల్టు బిగించింది. బొటనవేలితో నొక్కింది. అరంగుళం. జీప్ బ్యాటరీకి వైర్లు తగిలించి స్టార్ట్ చేసింది. హెడ్‌లైట్లు కూడా వేసింది, ఆల్టర్నేటర్ మీద బరువు పడాలని. ఇంజిన్ మోత తప్ప ఇంకేం వినిపించలేదు.

సరిగ్గా అప్పుడే కొనేవాడు వచ్చాడు. విన్నాడు. బండి బ్రహ్మాండంగా ఉందన్నాడు. బావగారి మొహం వెలిగిపోయింది.

"మాటంటే మాటే. మూడుసార్లు ఆగింది. నీ పేరు మీదుంది కాబట్టి నువ్వు సంతకం పెట్టమ్మా."

అత్తగారు లేచింది. వెళ్ళి ట్రాక్టర్ ముందు చక్రానికి వీపు ఆన్చి నిలబడింది.

"దాన్ని ఆపింది నేనురా. అమ్మాలంటే ముందు నన్ను అమ్ము."

బావగారు అరిచాడు. పరువన్నాడు, మాటన్నాడు, గొంతు చించుకున్నాడు. కొనేవాడు చల్లగా జారుకున్నాడు. హెడ్ కానిస్టేబుల్ ఈసారి నవ్వు ఆపుకోలేదు.

ఇన్‌స్పెక్టర్ నూనె డబ్బా అందుకోబోయాడు. "హత్యాయుధం. నేను తీసుకెళ్ళాలి పెద్దమ్మా."

ఆమె డబ్బాని గుప్పిట్లో దాచుకుని, ఇంకా అరుస్తున్న పెద్దకొడుకు వైపు చూసింది.

"కుదరదు బాబూ. ఇంట్లో ఇంకోటి కీచుమంటోంది."