తార్సోనోకి జవాబిచ్చిన వేలు

తుర్యాతి లోపలికి వచ్చాక కూడా కూర్చోలేదు. చంకలో రెండేళ్ళ పిల్లవాడు, చేతిలో రుమాలు మూట. మూట బల్లమీద పెట్టి విప్పింది. లోపల ఉన్నది ఫోను. దాన్ని ఆమె కాటేసే పురుగును చూసినట్టు చూస్తోంది.

"నేను అనని మాట ఇది అనేసింది మేడం."

ఇండోనేషియా తీరపు ఊరు తెగల్‌లో, బస్టాండు పక్క మేడమీద, ప్రైవేట్ డిటెక్టివ్ ఎందాంగ్ కళ్ళజోడు సర్దుకుంది. ఆమె అన్నిటికన్నా ముందు పిల్లవాణ్ణి చూసింది. "వాడికి నీళ్ళు పట్టించమ్మాయ్. ఎండన పడి వచ్చారు. మాట ఎక్కడికీ పోదు."

అసిస్టెంట్ లుక్మాన్ గ్లాసు అందించాడు. పిల్లవాడు తాగాక తుర్యాతి సంగతి చెప్పసాగింది. ఆమె మొగుడు తార్సోనో విదేశీ చేపల ఓడలో పని చేస్తున్నాడు. ఓడ ఒడ్డు దాపుకు వచ్చినప్పుడే వాళ్ళకి సిగ్నల్. అప్పుడూ కాల్ కలవదు, మెసేజ్‌లు మాత్రం వెళ్తాయి. పొద్దున ఒక మెసేజ్ వచ్చింది: కెప్టెన్ అడుగుతున్నాడు, ఇంకో రెండేళ్ళు ఉండిపోనా? తుర్యాతి ఫోనులోంచి వెంటనే జవాబు వెళ్ళింది. ఒక్కటే మాట: అవును.

"నేను స్నానాల గదిలో ఉన్నాను మేడం! పిల్లాడు చాపమీద ఆడుకుంటున్నాడు. మా అత్త పెరట్లో చేపలు తోముతోంది. రాత్రి డ్యూటీ చేసొచ్చి మా మరిది పడుకున్నాడు. బయటికొచ్చి చూసేసరికి అంతా అయిపోయింది. నేను కాదు, వచ్చెయ్యి అని వాయిస్ పెట్టాను. నమ్మట్లేదు."

"ఎందుకు నమ్మడు?"

"ఈ ఫోను నా వేలికి తప్ప తెరుచుకోదని నేనే మురిసిపోయి చెప్పాను. 'మొదట వచ్చిందే నీ మనసులో మాట, ఇప్పుడు అమ్మకి జడిసి మారుస్తున్నావు' అంటాడు. పొద్దు వాలేలోగా సంతకం పెట్టేస్తాడు మేడం. వీడు పుట్టాక వీణ్ణి ఆయన ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు."

"ఎప్పుడూ జవాబు టైపు చేసి పంపుతావా?"

"నాకు రాత అంత తొందరగా రాదు. అన్నీ వాయిస్‌లే."

ఎందాంగ్ ఆమె చేతులు పట్టుకుని వెలుతురుకు తిప్పింది. పీతల షెడ్డులో పెంకు ఒలిచీ ఒలిచీ వేళ్ళ కొసలు అరిగి సబ్బుబిళ్ళల్లా నున్నగా ఉన్నాయి.

"ఈ వేలుని ఫోను గుర్తుపడుతోందా?"

"మొదట్లో పట్టేది కాదు. షెడ్డులో ఆడవాళ్ళందరిదీ ఇదే గొడవ. మా మరిది రస్వాన్ రాత్రంతా తెరిచి ఉండే ఫోను సామాన్ల కొట్టులో చేస్తాడు. పైన కొత్త పొర అంటించి మళ్ళీ నా వేలు వేయించాడు. ఇక చూడండి, ఇలా పెడితే అలా తెరుచుకుంటుంది. నన్నూ ఒక మనిషిగా గుర్తించింది అనుకున్నాను." ఆమె కళ్ళు తుడుచుకుంది.

ఇంతలో పిల్లవాడు బల్లమీదికి వంగి ఫోను తెర అడుగుభాగం వైపు వేలు చాపాడు. "నాన్న," అన్నాడు. తుర్యాతి చటుక్కున ఫోను లాగేసుకుంది. "ముట్టుకోకు నాన్నా, పాడైపోతుంది."

ఎందాంగ్ లేచి సంచీ అందుకుంది. "పదండి, మీ ఇంటికి."

కారులో లుక్మాన్ ఫోను గుర్రుమంది. వచ్చేటప్పుడు టోఫు తెస్తావా అని భార్య అడిగింది. అడుగున ఫోనే రాసిపెట్టిన 'సరే' మీద అతను బొటనవేలు ఆనించి జేబులో పెట్టేసుకున్నాడు.

"ఏం రాశావు?" అంది ఎందాంగ్.

"ఏమీ రాయలేదు మేడం. రాసే ఉంది."

ఎందాంగ్ నవ్వి కిటికీలోంచి ఉప్పుమళ్ళను చూస్తూ కూర్చుంది. ఆమె అలా నవ్విందంటే సగం దారి దాటేసినట్టేనని లుక్మాన్‌కి తెలుసు. ఏ దారో మాత్రం ఎప్పటిలాగే తెలియలేదు.

గుమ్మంలోనే అత్త కార్మి ఎదురైంది. "డిటెక్టివ్‌ని కూడా పట్టుకొచ్చిందమ్మా మహాతల్లి! నా కొడుకుని ఉప్పునీళ్ళలో నానబెట్టమని చెప్పిన చెయ్యి నీది కాదూ?"

"నాది కాదత్తా! పిల్లాడి మీద ఒట్టు."

"పసివాడి మీద ఒట్లేమిటే!"

రస్వాన్ కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "వదిన నన్ను అనుమానిస్తోంది మేడం. ఫోనులో నేనేదో దొంగ యాప్ పెట్టానట. నేను పెట్టింది ఒక్క పడవగంట. అన్న మెసేజ్‌కి వేరే చప్పుడు ఉంటే వదినకి తెలుస్తుందని."

"మంచిపనే చేశావు," అంది ఎందాంగ్. "అందరూ ఇటు రండి. పిల్లాణ్ణి పక్కగదిలో బంతితో ఆడుకోనివ్వండి."

ఫోను చాపమీద పెట్టింది. తెర నల్లగా ఉంది. "కార్మిగారూ, మీ బొటనవేలు పెట్టండి."

"నాదా? దీని సంగతి నాకేం తెలుసు?" అంటూనే పెట్టింది. ఫోను తెరుచుకుంది.

కార్మి వేలు కాలినట్టు వెనక్కి లాక్కుంది. ఎందాంగ్ తెర ఆర్పి ఫోను రస్వాన్ వైపు జరిపింది. తెరుచుకుంది. లుక్మాన్ పెట్టాడు. అతనికీ తెరుచుకుంది. ముక్కూమొహం తెలియని మనిషికి కూడా ఆ చిన్న అద్దం తలుపు తీసేస్తోంది!

"దయ్యం," అంది కార్మి గొణుగుతూ.

"దయ్యం కాదు, పొర. రస్వాన్, గట్టి అద్దం తీసి మెత్తటిది వేశావు కదూ?"

"జెల్ షీటు మేడం. కిందపడినా పగలదని."

"అది అంటించాకే వదిన వేలు నమోదు చేశావు. ఈ వేళ్ళమీద గీతలే లేవు. ఫోను గుర్తుపెట్టుకున్నది ఆమెను కాదు, పొరమీది సన్నటి గీతల్ని. ఇక దానికి ఏ వేలైనా ఒకటే."

రస్వాన్ మొహం వాడిపోయింది. "అయ్యో వదినా! నీకు మేలు చేద్దామనుకున్నాను."

"అయితే ఆ పని చేసిందెవరు?" అంది తుర్యాతి. అత్తనీ మరిదినీ మార్చి మార్చి చూసింది.

"మోగగానే జవాబు వెళ్ళింది. ఆలోచించే మనిషి అలా పంపడు. ఒక్క మాటే వెళ్ళింది. అదీ రాసింది కాదు. లుక్మాన్ కారులో పంపినట్టు, ఫోనే రాసిపెట్టిన మాట. మీలో కక్షగట్టినవాళ్ళు ఎవరూ లేరు. చూడండి."

ఎందాంగ్ ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి పడవగంట మోగించి తెర ఆర్పింది.

పక్కగదిలో బంతి ఆగింది. చిట్టిపాదాల చప్పుడు. పిల్లవాడు పెద్దవాళ్ళ కాళ్ళ మధ్యనుంచి దూరి, చాపమీద బోర్లా పడుకుని, అమ్మ పెట్టేచోటే వేలు పెట్టాడు. తెర వెలిగి తార్సోనో మెసేజ్‌లు కనబడ్డాయి. వాడు ఇంకొంచెం పైన, ఫోను జవాబులు రాసిపెట్టేచోట, మరోసారి పొడిచి, నాన్న ఫొటో మీద చెయ్యి వేసి రుద్దాడు.

"నాన్న," అన్నాడు.

తుర్యాతి అలాగే చతికిలబడింది. ఇన్నాళ్ళూ వాడికి అన్నం పెట్టింది, జ్వరమొస్తే గుండెలమీద వేసుకుంది, ప్లగ్గుల దగ్గరికి పోకుండా కాపలా కాసింది. ఆ గంట మోగితే నాన్న వస్తాడని వాడు కాచుకుని ఉంటున్నాడని మాత్రం చూడలేదు. ఆ వేలిని తన అరిచేతిలో పెట్టుకుంది. శనగగింజంత ఉంది. అది ఇక్కడ తాకితే అక్కడ సముద్రంలో ఒక మనిషి రెండేళ్ళు ఆగిపోబోయాడు.

"బంగారంలాంటి పిల్లాడు తెలియక చేసినదానికి నిన్ను ఆడిపోసుకున్నానే," అని కార్మి కోడలి తల నిమిరింది.

"ఏడుపులు తర్వాత," అంది ఎందాంగ్. "పొద్దు వాలుతోంది. జరిగిందంతా వాయిస్‌లో చెప్పు."

తుర్యాతి చెప్పింది. వెనకనుంచి కార్మి, "నా వేలికీ తెరుచుకుందిరా!" అని అరిచింది. రస్వాన్ తన తప్పు ఒప్పుకున్నాడు. అంతా చేరిందని గుర్తు పడింది. తర్వాత ఏమీ లేదు. వాకిట్లో నీడ గోడ ఎక్కింది. మసీదులో మైకు గరగరమంది. తుర్యాతి పిల్లవాణ్ణి ఒళ్ళో బిగించుకుని కూర్చుంది.

పడవగంట మోగింది.

ఆమె తెరిచింది. తార్సోనో రాసింది ఒక్క ముక్కే: వాడు నన్ను అడుగుతున్నాడా? అయితే వచ్చేయనా?

వాయిస్ నొక్కబోయిన ఆమె చేతిని ఎందాంగ్ ఆపింది. తెర అడుగున ఫోను తన జవాబులు అప్పటికే రాసి పెట్టింది. ఒళ్ళోంచి చిన్న వేలు ముందుకు సాగింది. పొద్దున తాకినచోటే, అదే మాటమీద ఆనింది.

అవును.