గీత పడ్డ చోట గెంతు

లివర్‌పూల్‌లో ఆ రోజుల్లో కిటికీ తెరిస్తే గిటారు, తలుపు తెరిస్తే డ్రమ్ము. మెర్సీ నది మీద పొగమంచు దిగి ఓడలు కూతలు వేస్తుంటే, ఆ కూతలకు కూడా శ్రుతి కలిపి పాడేవాళ్ళు కుర్రాళ్ళు. డాక్ రోడ్డులో ఒక పిల్లి తాళానికి సరిగ్గా తోక ఊపేదని డెస్ హాన్రటీ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

డెస్ ఒట్టేస్తే మాత్రం నమ్మకండి. ఒక అమ్మాయి నమ్మకపోబట్టే ఈ కథ పుట్టింది.

అప్పటికి డెస్‌కి ఇరవై ఏళ్ళు. వారమంతా ఓడలు బాగుచేసే యార్డులో వడ్రంగం నేర్చుకోవడం, శనివారం సాయంత్రం జుట్టుకి నూనె దట్టించి గిటారు భుజాన వేసుకోవడం. వాళ్ళ బృందం పేరు డాక్‌గేట్స్. డ్రమ్ములు వాయించే క్లెమ్ ఫారెల్ దానికి పెద్ద.

ఆ శనివారం సెయింట్ బ్రిజిడ్ హాలులో డాక్‌గేట్స్ ఒక కొత్త పాట బయటపెట్టాలి. అమెరికా పాట. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేనిది. ఇరుగుపొరుగు వినకుండా క్లెమ్ వాళ్ళ బొగ్గుల గదిలో, కిటికీకి దుప్పటి కుక్కి మరీ సాధన చేశారు. బయటికి వచ్చేసరికి నలుగురూ గని కార్మికుల్లా ఉండేవాళ్ళు.

వీళ్ళ వంతు రాకముందే మారిగోల్డ్స్ అని నలుగురు అమ్మాయిలు వేదికెక్కారు. మధ్యలో నిలబడ్డ పసుపు గౌను పిల్ల నోరు తెరిచింది.

అదే పాట!

డెస్ చేతిలోని టీ కప్పు ఒలికి బూటులోకి పోయింది. వాళ్ళు దిగేదాకా ఆగి, మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"ఏయ్, అమ్మాయ్! ఆ పాట మాది!"

పసుపు గౌను ఆగింది. పైనుంచి కిందికి ఒక చూపు చూసింది. చూపు తడిసిన బూటు దగ్గర ఆగింది.

"మీదా? రాసింది నువ్వా?"

"రాయలేదు, కానీ..."

"పోనీ, బాణీ కట్టింది నువ్వా?"

"కట్టలేదు, అయితే..."

"మరి మీదెలా అయింది నాయనా? మీ వీధిలోంచి నడిచెళ్ళిందా?"

వెనక ముగ్గురు అమ్మాయిలూ పకపకా నవ్వారు. క్లెమ్ వేరే పాట వాయిద్దామన్నాడు. డెస్ వింటేనా? వేదికెక్కి అదే పాట ఎత్తుకున్నాడు. ఆ పిల్ల చేతులు కట్టుకుని గోడకానుకుని చూస్తోంది.

ఆ పాటలో ఒక విడ్డూరం ఉంది. రెండో చరణం చివర ఒక తాళం దెబ్బ మాయమై, తర్వాతి మాట ముందే వచ్చి పడుతుంది, మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టు. సరిగ్గా అక్కడ హాలంతా తడబడింది. ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నారు. తడబడకుండా టుక్కుమని గెంతింది ఒక్క జత పాదాలే. గోడ పక్కనున్న ఆ పిల్లవి.

దిగగానే డెస్ ఆమె దగ్గరికే వెళ్ళాడు.

"మీరూ అక్కడే గెంతారు. అక్కడ గెంతాలని నీకెలా తెలుసు?"

"పాటలో ఉందిగా. అమెరికా వాళ్ళ తీరే అంత."

"నేనూ అదే అనుకున్నా. ఇంతకీ రికార్డు ఎవరిచ్చారు?"

"ఆల్ఫీ. న్యూయార్క్ ఓడలో ప్రయాణికులకి వడ్డించే స్టీవార్డు. మీకు?"

డెస్ తల పట్టుకున్నాడు. "ఆల్ఫీయే!"

మర్నాడు ఇద్దరూ కలిసి ఆల్ఫీ ఇంటి మీద పడ్డారు. ఆ రోజుల్లో ఓడ రేవుకొచ్చిందంటే స్టీవార్డుల కోసం వాళ్ళ అమ్మలకంటే ముందు పాటల బృందాల వాళ్ళు కాచుక్కూర్చునేవాళ్ళు, పెట్టెలో ఏ రికార్డులు తెచ్చారా అని. ఆల్ఫీ బంగాళదుంపల మాంసం కూర తింటూ, చెంచా పక్కన పెట్టకుండానే జవాబిచ్చాడు.

"ఊళ్ళో ఇదొక్కటే ఉందన్నాను. అబద్ధమా? ఒక్కటే ఉంది. ఒక వారం వాడికిచ్చాను, ఇంకో వారం నీకిచ్చాను. మీరిద్దరూ కొట్టుకోండి, నా కూర చల్లారిపోతోంది."

బయటికొచ్చేసరికి వాన. ఒకటే గొడుగు, అదీ ఆమెది. గొడుగు కింద సగం భుజం తడుస్తుండగా డెస్ అన్నాడు. "పేరు చెప్పకుండా తిట్టావు నిన్న."

"డిలిస్ ప్యూ. మా నాన్న వెల్ష్ వాళ్ళ చర్చిలో, అదే చాపెల్‌లో, పాటల పెద్ద. ఇలాంటి పాటలు పాడుతున్నానని ఆయనకి సగమే తెలుసు."

"మిగతా సగం?"

"వినపడనట్టు ఉంటారు."

ఆ గొడుగు కిందే సంధి కుదిరింది. డాక్‌గేట్స్ వాయించాలి, డిలిస్ పాడాలి. శనివారాలు గడిచేకొద్దీ సెయింట్ బ్రిజిడ్ హాలు కూడా ఆ విడ్డూరానికి అలవాటు పడింది. రెండో చరణం చివర హాలు హాలంతా ఒక్కసారి టుక్కుమని గెంతేది. కింద గదిలో టీ కాచే ఆవిడ పైకప్పు చూసి దణ్ణం పెట్టుకునేదట. ఆ ప్రాంతం వాళ్ళకి ఆ గెంతు లేని పాట ఉప్పు లేని చారే.

ఆదివారాలు చాపెల్ అయ్యాక ఇద్దరూ ఫెర్రీ ఎక్కేవాళ్ళు. అవతలి ఒడ్డున దిగకుండా, టికెట్ల మనిషి కంటపడకుండా పొగగొట్టం వెనక నక్కి, అదే పడవలో వెనక్కి రావడం. పొగగొట్టం వెచ్చగా ఉండేది. గాలికి డిలిస్ జుట్టు వచ్చి డెస్ మొహాన పడేది. అతను తీసేవాడు కాదు.

"నిన్న ఈ రేవుకి ఒక తిమింగలం వచ్చింది తెలుసా? చిప్స్ అడిగింది. వెనిగర్ వద్దంది."

"అబ్బో. ఉప్పు?"

"సముద్రంలో ఉంటుందిగా, దానికి ఉప్పెందుకు?"

డిలిస్ నవ్వి అతని భుజం మీద గుద్దేది. "నీ నోట్లో ఒక్క నిజం ఉంటే చూడాలని ఉంది డెస్."

ఆ నిజం వచ్చే రోజు రానే వచ్చింది.

నెప్ట్యూన్ బాల్‌రూమ్‌లో పాటల బృందాల పోటీ. లండన్ నుంచి రికార్డుల కంపెనీ పెద్దమనిషి ఒకాయన వినడానికి వస్తున్నాడు. ఆ మధ్యాహ్నం క్లెమ్ రికార్డుల దుకాణంలో, కొత్త పాటలు విని చూసుకునే చిన్న గదిలో దూరాడు. ఆ అమెరికా పాట రికార్డు అప్పుడే దుకాణానికి కూడా వచ్చింది. విన్నాడు. రెండోసారి విన్నాడు. పరుగున వచ్చి డెస్ కాలరు పట్టుకున్నాడు.

"ఒరేయ్, గెంతు లేదురా!"

"ఏ గెంతు?"

"పాటలో అసలు గెంతే లేదు! ఆల్ఫీ గాడి రికార్డు మీద గీత పడింది. అక్కడ ముల్లు ఎగిరింది. ఇన్నాళ్ళూ మనం పాట పాడలేదురా, గీత పాడాం!"

డెస్‌కి నవ్వొచ్చింది. క్లెమ్‌కి రాలేదు. "లండన్ ఆయన ముందు ఆ గెంతు వేస్తే మన బతుకు బస్టాండే. తీసేస్తున్నాం. డిలిస్‌కి చెప్పు."

డిలిస్ తను పనిచేసే బిస్కెట్ ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని, వేదిక మెట్ల దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి వాళ్ళ పేరు పిలిచేశారు.

"డిలిస్, విను. ఇవాళ గెంతు లేదు. ఆల్ఫీ రికార్డుకి గీత పడిందట. అసలు పాట తిన్నగానే ఉంది."

"ఊఁ. ఆ గీత గీసింది తిమింగలమేనా?"

"ఒట్టు! నిజంగా!"

"నువ్వు ఒట్టేసినప్పుడే నాకు అనుమానం," అని నవ్వుతూ మైకు ముందుకెళ్ళిపోయింది.

రెండో చరణం చివర డిలిస్ గెంతింది. వాళ్ళు గెంతలేదు. ఆమె గొంతు ఒక దెబ్బ ముందు వెళ్ళిపోయింది, వెనక వాయిద్యాలు మిగిలిపోయాయి. ఎదురుగా ఉన్నది సెయింట్ బ్రిజిడ్ జనం కాదు, ఊరంతా. మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. చిన్నప్పటి నుంచీ చాపెల్‌లో ఒక్క స్వరం తప్పని పిల్ల, పాట ముగించి, తల వంచుకోకుండా దిగి, తిన్నగా తలుపు దాటి వెళ్ళిపోయింది.

లండన్ పెద్దమనిషి మంచి కోట్లు వేసుకున్న ఇంకో బృందాన్ని ఎంచుకున్నాడు. డెస్‌కి ఆ సంగతి మూడు రోజుల తర్వాత గాని చెవికెక్కలేదు.

ఆ మధ్యలో అతను బిస్కెట్ ఫ్యాక్టరీ గేటు దగ్గర పడిగాపులు పడ్డాడు. చివరికి ఒక సాయంత్రం డిలిస్ ఆగింది.

"కోపమా?"

"నీ మీద కాదు. నువ్వు చెప్పావు. నేను నమ్మలేదు."

"మరింకేం?"

"అదే డెస్! నిజం చెప్పినా నమ్మలేకపోయాను. ఊరంతా నవ్వినందుకు కాదు. రేపు పెళ్ళయ్యాక ఇల్లు కాలుతోందని నువ్వు అరిస్తే, నేను టీ పెట్టుకుంటూ కూర్చుంటానేమో?"

డెస్ ఒక అడుగు ముందుకేశాడు. "పెళ్ళా?"

"మాటవరసకి అన్నాను." ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. వెంటనే మొహం తిప్పుకుంది. "సోమవారం వేల్స్‌లో రెక్సామ్ వెళ్ళిపోతున్నా. మా పిన్ని దుకాణంలో పని. శనివారం హాలుకొచ్చి మా మారిగోల్డ్స్‌కి చెప్పి వెళ్తాను. నీకు ఇప్పుడే చెప్పేస్తున్నా."

బస్సొచ్చింది. ఎక్కేసింది. ఎప్పుడూ మాటకి మాట తడుముకోని డెస్‌కి ఆ రోజు ఒక్క తిమింగలం కూడా దొరకలేదు.

శనివారం వాన దంచి కొడుతోంది. సెయింట్ బ్రిజిడ్ వేదిక వెనక డెస్ క్లెమ్‌ని బతిమాలుతున్నాడు.

"గెంతుదాం. ఒక్కసారి."

"తప్పని తెలిసీనా? నెప్ట్యూన్‌లో విన్నవాళ్ళు సగం మంది ఇక్కడే ఉన్నారు. మనకి తాళం రాదంటారు."

"అననీ. ఆమెని అన్నారుగా."

క్లెమ్ డ్రమ్ము పుల్లలు రెండూ ఒకదానికొకటి తాటించి, ఏదో గొణిగి, వెళ్ళి కూర్చున్నాడు.

అప్పుడే తలుపు దగ్గర ఒక పెద్ద నల్ల గొడుగు మూసుకుంది. డిలిస్, పక్కన ఆ వానలో ఆమెని ఒంటరిగా పంపలేక వెంట వచ్చిన తండ్రి ఎమ్రిస్ ప్యూ. డాన్స్ హాలులో అడుగు పెట్టడమే పాపమని పట్టుబట్టి, ఆయన గడప మీదే నిలబడ్డాడు. అటు వాన, ఇటు పాపం, మధ్యలో ఆయన.

డెస్ మైకు ముందుకొచ్చాడు. జనం అప్పుడే నవ్వు మొహాలు పెట్టారు. వీడు నోరు తెరిస్తే ఏదో ఒకటి దొర్లుతుందని వాళ్ళకి తెలుసు.

"ఒక్క మాట. ఇందులో తిమింగలాలు లేవు," అన్నాడు. "నెప్ట్యూన్‌లో డిలిస్ తప్పలేదు. మేం రోజూ వాయించేదే ఆమె పాడింది. ఆఖరి నిమిషంలో మార్చింది మేం. నవ్వాల్సింది మమ్మల్ని. అంతే."

ఎవరూ నవ్వలేదు.

పాట మొదలైంది. మొదటి చరణం డెస్ పాడాడు, అతని గొంతు సంగతి తెలిసినవాళ్ళు ఓర్చుకున్నారు. రెండో చరణం దగ్గర నోరు మూసి, వాయిస్తూ తలుపు వైపు చూశాడు. పాటలో మాటల చోటు ఖాళీగా ఉంది. ఒక వరస ఖాళీగా వెళ్ళిపోయింది. ఇంకో వరస.

చివరి వరసకి డిలిస్ గొంతు విప్పింది, గడప దగ్గర్నుంచే, మైకు లేకుండా. చాపెల్ గొంతు, హాలు చివరిదాకా నిండిపోయింది. ఆ చోటు వచ్చింది. క్లెమ్ గెంతాడు, డెస్ గెంతాడు, ఆమె గెంతింది, సెయింట్ బ్రిజిడ్ హాలు హాలంతా టుక్కుమంది. కింద టీ కాచే ఆవిడ కప్పులు అన్నీ ఒకేసారి గల్లుమన్నాయి.

పాట అవ్వగానే డెస్ గిటారు దించకుండానే తలుపు దగ్గరికి పరుగెత్తాడు. మాటలు ముందే అనుకున్నాడు, ఎమ్రిస్ ప్యూని చూడగానే మర్చిపోయాడు.

"ప్యూగారూ... నేను... మీ అమ్మాయిని..."

"రెండో చరణం చివర ఒక దెబ్బ తక్కువైంది, అబ్బాయ్."

"తెలుసండి."

"తెలిసే చేశారా?"

"అవునండి."

ఎమ్రిస్ ప్యూ గొడుగు నీళ్ళు దులిపాడు. తొందరేమీ పడలేదు. "ముప్ఫై ఏళ్ళుగా పాటల గుంపుని నడుపుతున్నాను. ఒక్కడే తప్పితే పీడకల. అందరూ ఒకే చోట, ఒకేలా తప్పితే..." కూతురి వైపు చూశాడు. "దానికి నేనేం పేరు పెట్టను? నా కాలు కూడా లేచింది. ఈ మాట చాపెల్‌లో ఎవరికైనా చెప్పావో!"

"నేను చెప్పినా ఎవరూ నమ్మరండి."

డిలిస్ నవ్వేసింది, కళ్ళు తుడుచుకుంటూనే. "నాన్నా, పిన్నికి వేరే మనిషిని చూసుకోమని చెప్పండి. డెస్, ఇప్పుడు చెప్పు. రేవులో తిమింగలం నిజంగా వచ్చిందా?"

"లేదు."

"చిప్స్?"

"నేనే తిన్నా."

"సరే. మరి ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. అది నిజంగానే రావాలి."

అతను వెళ్ళాడు. మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. చివరికి ఆమెని తన ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇప్పుడు సెయింట్ బ్రిజిడ్ హాలులో ఏడాదికోసారి పాతవాళ్ళకి డాన్స్ పెడతారు. వాయించేది మనవల వయసు కుర్రాళ్ళు, ఆ అమెరికా పాటని ఒక్క దెబ్బ పోకుండా వాయిస్తారు. అయినా రెండో చరణం చివరికొచ్చేసరికి నెరిసిన తలలన్నీ ఒక దెబ్బ ముందే టుక్కుమని గెంతుతాయి. కుర్రాళ్ళు బిత్తరపోయి ఆగిపోతారు.

"మీరే తప్పుతున్నారు బాబూ," అంటాడు డెస్ వాళ్ళతో, మోకాలు పట్టుకుని. "ఒట్టు!"

పక్కనుంచి డిలిస్ అతని చెయ్యి పట్టుకుంటుంది. "ఈ ఒక్కటీ నమ్మండి," అంటుంది.