కాలిపోయిన మీటర్

"సుసన్నా! అన్నం సల్లారుతున్నది, వస్తవా రావా?" అమ్మ యశోదమ్మ వంటింట్లోంచి మూడోసారి పిలిచింది.

సుసన్న వినిపించుకుంటేనా! బాపు రేడియోలు బాగుచేసేందుకు వాడే మీటర్ ముందు కూర్చుంది. దాని రెండు తీగల కొనలు చెంచాకు ఆనించింది. అద్దం కింద ముల్లు చటుక్కున లేచింది. గాజుకు ఆనించింది. లేవలేదు. కాలి కడియానికి ఆనించింది. లేచింది!

"వస్తున్ననే!" అంటూ అన్నీ అక్కడే వదిలేసి పరుగెత్తింది.

అక్కడే వచ్చింది చిక్కు. తీగ తెగిందో లేదో చూడాలంటే మీటర్ నాబ్ ఎడమకు తిప్పాలి. బ్యాటరీ బలం చూడాలంటే కుడికి తిప్పాలి. నాబ్ ఎడమకు ఉండగా పెద్ద బ్యాటరీకి ఆనిస్తే మీటర్ మాడిపోతుంది. అందుకే పని అయిన ప్రతిసారీ సుసన్న బాపు యోబు నాబ్‌ను కుడికి తిప్పి పెడతాడు. పన్నెండేళ్లలో ఒక్కసారీ మరిచిపోలేదు. "మీటర్ ముట్టకు" అని కూతురికి చెప్పడమూ మరిచిపోలేదు.

అవి నిజాం పాలన రోజులు, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలం. ఇబ్రహీంపట్నంలో రేడియోలు బాగుచేసేది యోబు ఒక్కడే. ఊళ్లో కరెంటు లేదు, రేడియోలు బ్యాటరీలతోనే పాడేవి. ఆ మధ్యాహ్నం పక్క ఊరు రావిర్యాల నుంచి శివయ్య పటేల్ తన రేడియో, బ్యాటరీ బండిలో వేసుకొని వచ్చాడు.

యోబు ఎప్పటిలాగే తీగలు తీసి బ్యాటరీకి ఆనించాడు.

టప్! ముల్లు ఆ చివరికి కొట్టుకుంది. మాడు వాసన వచ్చింది.

"అయ్యో! అయ్యయ్యో!" యోబు మీటర్‌ను తట్టాడు, ఊపాడు. ముల్లు కదల్లేదు.

"ఏందయ్యా యోబు, నాబ్ సూసుకోవా?" అన్నాడు పటేల్. "కొత్తగ అద్దాలు పెట్టినవ్. కండ్లు ఆనుతలేవా?"

"నేనే తిప్పి పెట్టిన అనుకున్న పటేలా. మతి పోయినట్టుంది."

"గట్లైతే నా రేడియో నీ చేతిల ఎట్ల పెడ్త?" పటేల్ రేడియోను మళ్లీ బండెక్కించుకొని వెళ్లిపోయాడు.

తలుపు చాటునుంచి సుసన్న అంతా విన్నది. చెప్పవే పిల్లా, ఇప్పుడైనా చెప్పు! అని మనం ఎంత అరిచినా ఏం లాభం? దెబ్బలకు భయపడి నోరు మూసుకుంది.

యోబు తన సామానంతా ఒక్కొక్కటే గుడ్డలో మూట కట్టసాగాడు.

"ఏం జేస్తున్నవ్?" అంది యశోదమ్మ.

"ఇగ ఈ పని నాతోని కాదు. ఇయ్యాల మీటర్ కాలింది, రేపు ఎవలదో రేడియో కాలుస్త." యోబు తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఈ యుద్ధంల ఇంకో మీటర్ హైదరాబాద్‌ల సుత దొరకది. దొరికినా ఈ చేతులకెందుకు?"

బాపు ఏడుస్తున్నాడు. ఆయన ఏడవడం సుసన్న ఎన్నడూ చూడలేదు. ఆమె తలుపు చాటునుంచి బయటికి వచ్చింది.

"బాపూ, నువ్వు కాదు! నేను ఆడుకున్న. నాబ్ నేనే తిప్పిన."

యోబు మూట కట్టడం ఆపాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలే?"

"కొడ్తవని."

"మీటర్ పోతే పోయింది బిడ్డా. గింతసేపు నా చేతుల మీద నాకే నమ్మకం లేకుంట జేసినవ్ గదా." అతను వీధి వైపు చూశాడు. "శివయ్య పటేల్ ఈపాటికి ఊరందరికి చెప్పే ఉంటడు. ఇగ మన గడప ఎవరు తొక్కుతరు?"

యోబు మూట విప్పలేదు. గోడకు ఆనుకొని అలాగే కూర్చున్నాడు.

సుసన్న లేచి బయటికి పరుగెత్తింది. బజారులో పటేల్ బండి ఆగి ఉంది. చుట్టూ పదిమంది ఉన్నారు. సుసన్నతో చదువుకునే పిల్లలు కూడా ఉన్నారు.

"యోబు పని అయిపోయింది..." అంటున్నాడు పటేల్.

సుసన్న జనంలోంచి దూరి పటేల్ ముందుకు వచ్చి మెల్లగా అంది.

"పటేలా, మా బాపు తప్పు లేదు. మీటర్ పాడుచేసింది నేను. మా బాపుకు కండ్లు మంచిగనే ఆనుతయ్."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏందీ?" అన్నాడు పటేల్. "వినపడలే."

సుసన్న కన్నీళ్లు తుడుచుకొని, ఈసారి బజారంతా వినేలా చెప్పింది.