కుర్చీ వెనక గోడ

ఆ ఆఫీసులో నేలమాళిగ గదికి మంచి పేరు లేదు. పగలు కూడా ఎవరూ అక్కడికి ఒంటరిగా దిగరు. పదకొండేళ్ల కిందట, అందరూ తాతగారని పిలిచే ఇంజనీరు ఒకాయన ఓ సాయంత్రం పని చేస్తూ చేస్తూ కుర్చీలోనే ప్రాణం వదిలాడు. కుర్చీ ఇంకా అక్కడే ఉంది, గోడకి వీపు పెట్టి. ఆ గదిలో అడిగితే జవాబు వస్తుందని అంటారు... ఎవరు చెబుతారో మాత్రం ఎవరూ అనరు.

ఇది మా వదిన చెప్పగా విన్నది. బల్లి కనిపిస్తే పైకప్పు ఎగిరిపోయేలా అరిచే మనిషే, కానీ అబద్ధమాడే మనిషి కాదు.

పిల్లలతో పదేళ్లు ఇంటిపట్టునే ఉండిపోయిన వదిన, అన్నయ్య మంచం పట్టాక మళ్లీ ఉద్యోగంలో చేరింది. ఆర్నెల్లు శిక్షణ. చివర్లో సొంతంగా ఒక ఏజెంట్ రాసి చూపించాలి. ఏజెంట్ అంటే బీమా కట్టించే ఆయన అనుకునేరు, కాదు. నెట్‌వర్కులో ఒక్కో మెషీన్‌లో కూర్చుని ఉండే చిన్న ప్రోగ్రాం. వేడెంత, ఎప్పుడు మొదలయ్యావు, ఎక్కడున్నావు అని అడిగితే జవాబు చెప్పడమే దాని పని. మర్నాడు పొద్దున్న పరీక్ష పెట్టే మేడమ్ ముందు అది నోరు విప్పకపోతే వదిన ఉద్యోగం ఊడినట్టే. ఇల్లు నడిచేది ఆ జీతం మీదే.

ఆ సాయంత్రం పై అంతస్తులో కరెంటు తీసేశారు. ఇక దిక్కులేక కిందికి దిగింది. గదిలో ఉన్నది ఆ ఒక్క కుర్చీ. దేవుడా అనుకుని కూర్చుంది.

తొమ్మిదింటికి ఏజెంట్ పూర్తయింది. శిక్షణ కాగితంలో ఉన్నది ఉన్నట్టు టైప్ చేసి అడిగింది. వేడెంత?

ఇరవై నాలుగు డిగ్రీలు.

వదినకి ఏడుపొచ్చినంత సంతోషం. ఎప్పుడు మొదలయ్యావు?

ఆ రోజు తేదీ రావాలి. పదకొండేళ్ల కిందటి తేదీ వచ్చింది... సాయంత్రం ఏడూ పద్నాలుగు.

ఏదో తప్పు చేశాననుకుని తన ఏజెంట్‌ని ఆపేసింది. ఆపేసి, ఊరికే మళ్లీ అడిగింది.

జవాబు వచ్చింది.

వద్దు వద్దనుకుంటూనే ఆఖరి ప్రశ్న కొట్టింది. ఎక్కడున్నావు?

కుర్చీ వెనక.

అప్పుడు వదిన పెట్టిన కేకకి వాచ్‌మన్ టార్చి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా?"

"బాబాయ్... నా వెనక... నా వెనక ఎవరైనా ఉన్నారా?"

గోడంటే నిజానికి చెక్క. ఆయన మేకులు ఊడదీసి టార్చి వేశాడు. లోపల దుమ్ములో ఒక పాత మెషీన్, దాని మీద ఒక్క పచ్చ దీపం.

"తాతగారిదమ్మా ఇది. గది బాగు చేసేటప్పుడు దీన్ని తియ్యకుండానే చెక్క కొట్టేశారు. ఆ సాయంత్రం దీన్ని నడిపించాక, ఆయన మళ్లీ లేవలేదు."

వదిన కాగితం తిరగేసింది. కింద తాతగారి సంతకం. ప్రశ్న ఏ మెషీన్‌కి వెళ్లాలో చెప్పే చిరునామా అందులో ఆయన మెషీన్‌ది. దాన్ని కొట్టేసి తన చిరునామా పెట్టుకోవాలి, కంగారులో వదిన అలాగే టైప్ చేసింది. ఇంతసేపూ జవాబిచ్చింది తాతగారి ఏజెంట్. ఇంతేనా అని ఇద్దరూ నవ్వుకున్నారు.

తన చిరునామా పెట్టి అడిగితే ఒక్క ముక్క రాలేదు. వదిన ఏజెంట్ శుద్ధ మూగది! దెయ్యం భయం పోయి తెల్లారుతుందన్న భయం పట్టుకుంది. వాచ్‌మన్ బాబాయ్ ఆ పాత మెషీన్ వైరు పీకి, మోసుకెళ్లి పైన స్టోర్‌రూమ్‌లో పెట్టి తాళం వేశాడు. వదిన రాసి, చెరిపి, మళ్లీ రాసి, తెల్లవారుజామున దాని చేత మాట్లాడించింది. ఎప్పుడు మొదలయ్యావంటే ఆ రోజు తేదీ చెప్పింది. ఎక్కడున్నావంటే తను రాసినట్టే "తలుపు పక్క బల్ల" అంది.

పొద్దున్న మేడమ్ వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంది. వదిన వెనక నిలబడింది. మేడమ్ వేడెంత అని కొడితే ఏజెంట్ సరిగ్గా చెప్పింది. ఎప్పుడు మొదలయ్యావు?

పదకొండేళ్ల కిందటి తేదీ. ఏడూ పద్నాలుగు.

మేడమ్ వేళ్లు ఆగిపోయాయి. "చిరునామా నీదేనా?" అంది మెల్లగా.

"నాదేనండి... ఒట్టు. ఆ పాత మెషీన్ పైన ఉంది, వైరు కూడా పీకేశాం."

అయిపోయింది, పిల్లల్ని పట్టుకుని రోడ్డున పడ్డట్టే అనుకుంది వదిన. మేడమ్ మాత్రం పాసైనట్టు సంతకం పెట్టేసింది. పెన్ను పక్కన పెట్టింది.

"నా పరీక్షనాడు కూడా ఇదే తేదీ చెప్పింది... నేనూ నా చిరునామానే పెట్టాను."

"ఇక చాలు మేడమ్. ఆఖరిది అడగొద్దండీ..."

అప్పటికే మేడమ్ మీట నొక్కేసింది. తెర మీద రెండే మాటలు.

కుర్చీ వెనక.

మేడమ్ తల తిప్పలేదు. చెక్క తీసేశాక అక్కడ దాక్కోవడానికి చోటే లేదు. ఆ కుర్చీ వెనక ఉన్నది మా వదిన ఒక్కతే.