శుక్రవారం తూకం

తెల్లవారేసరికి నందిగామ వైపు ఆకాశం మబ్బుపట్టి ఉంది. కురిసే మబ్బు కాదు, ఊరికే వచ్చిన మబ్బు. కాసేపటికి దాని అంచు విచ్చి, జగ్గయ్యపేట బజార్లో ఎస్టీడీ బూత్ బోర్డు మీద లేత ఎండ పడింది. పక్కనే ఉన్న పప్పుల కొట్టు వెనక ఇంట్లో సీతారావమ్మ సున్నుండలు చుడుతోంది. భర్త రామకోటేశ్వరరావుకు కడుపులో క్యాన్సరని బెజవాడలో తేలిన దగ్గర్నుంచి ఆవిడ నమ్ముకున్న మందు ఒక్కటే, నెయ్యి.

"ఏవండీ, ఇంకొక్కటి."

"కడుపు నిండిందే."

"నిండటానికి ఏం తిన్నారని? పిచ్చుక నయం."

ఆయన అదీ నోట్లో పెట్టుకున్నాడు. ఇసుక నమిలినట్టు నమిలాడు. ఆవిడ అది చూడలేదు. ఖాళీ అయిన పళ్లెం చూసి మురిసిపోయింది.

పొద్దున్నే కొట్లో బస్తాలు తూచే కాటాకు బొట్టుపెట్టి దణ్ణం పెట్టుకోవడం ఆ ఇంటి ఆచారం. శుక్రవారం మాత్రం కందుల బస్తా ఎక్కకముందే ఆయన ఎక్కాలని సీతారావమ్మ పట్టుబట్టింది. మొదటిసారి ఆయన మొహమాటపడితే, తానే ముందు ఎక్కి చూపించింది. ముల్లు ఎక్కడికో పోతే ఇల్లంతా నవ్వుకున్నారు. ఆ తర్వాత నవ్వులు లేవు. ప్రతి శుక్రవారం ఆయన తగ్గుతూనే వచ్చాడు. తగ్గిన రోజున ఇంట్లో ఎవరికో ఒకరికి మూడేది. పోయిన వారం ఆ వంతు కోడలు నిఖితది. "నీ చప్పిడి కూరలకే మనిషి కరిగిపోతున్నాడు" అని అత్తగారు అంటే, ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఇవాళ ముల్లు పైకి జరిగింది.

"పెరిగారు! ఒరే నాగసాయీ, చూడరా, నాన్న పెరిగారు! నేను చెప్పలా? నెయ్యి పనిచేసింది!"

కొడుకు నాగసాయి నవ్వుతూ వచ్చి చూశాడు. అంతలో గరికపాడు నుంచి వచ్చిన పుష్పవతి కొట్టు మెట్లెక్కింది.

"కిలో కందిపప్పు కట్టు బాబూ. బస్సు పోతది."

నాగసాయి చిన్న త్రాసు పక్కన తడిమాడు. "నాన్నా, కిలోరాళ్ళు ఏవీ? రెండూ లేవే."

రామకోటేశ్వరరావు కాటా మీద నుంచి గబుక్కున దిగబోయి తూలాడు. లాల్చీ జేబులోంచి ఇనపరాయి జారి, నాపరాళ్ళ మీద ఖంగుమని పడింది.

పుష్పవతి రాయిని చూసింది, మనుషుల్ని చూసింది. "మళ్ళీ వస్తాలే బాబూ" అని సంచీ మడుచుకుని మెట్లు దిగింది.

"రెండోది కూడా తియ్యండి" అంది సీతారావమ్మ.

ఆయన రెండో జేబులోంచి తీసి కాటా మీద పెట్టాడు.

"మీ చేతి తూకం తప్పిందని ఊళ్ళో ఒక్కరి చేతా అనిపించుకోలేదు. కట్టుకున్నదాన్ని, నన్ను మోసం చేశారా?"

"ముల్లు దిగినప్పుడు నీ మొహం చూడలేక చేశా. ఆ పిల్ల ఏడుపు వినలేక చేశా."

"ఏడిపించింది నేనా? నోరారా తింటే ఎందుకు పెరగరు?"

తలుపు దగ్గర నుంచి నిఖిత మెల్లగా అంది. "తిన్నా పెరగరు అత్తయ్యా. లోపం మీ వంటలో లేదు, నా వంటలోనూ లేదు. డాక్టరుగారు మాకు చెప్పారు. మీకు చెప్పొద్దన్నారు మామయ్య."

సీతారావమ్మ భర్త వంక తిరిగింది. ఆయన స్టూలు మీద కూలబడి ఊపిరి కూడదీసుకున్నాడు.

"పస్తుంటే ఒళ్ళు పొదుపు చేస్తుందంట సీతా. పొయ్యి మంట తగ్గించుకుని, ముందు కొవ్వు ఖర్చుపెట్టి, కండను వీలైనంత కాపాడుకుంటుందంట. ఈ జబ్బు అట్టా కాదు. గడ్డా, దాంతో పోరాడే ఒళ్ళూ కలిసి నెత్తుట్లోకి ఏవో రసాయనాలు వదులుతాయి. అవి మెదడుకెళ్ళి ఆకలి లేదంటాయి. కండకెళ్ళి కరిగిపొమ్మంటాయి. ఊరికే కూర్చున్నా పొయ్యి మండుతూనే ఉంటుంది. ఎంత నెయ్యి పోసినా, ఒక్క తిండితో ఆ కండ తిరిగి రాదంట. తినక చిక్కిపోవట్లేదే నేను."

"అయితే పెట్టొద్దా?" అంది ఆవిడ.

"పెట్టు. నువ్వనుకున్నంత కాదు, నాకు దిగినంత. ఇప్పుడు నువ్వెక్కు."

"నేనా? నేనెందుకండీ?"

"ఎక్కవే."

కాటా మీది రాయి తీసి ఎక్కింది. పట్టుకోసం చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారాయి. మొగుడు తినని పూట తనూ తినలేదు. అది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. నాగసాయి ముల్లు చూసి మొహం తిప్పుకున్నాడు.

"నాకైతే జబ్బు. నీకేమొచ్చింది?" అన్నాడు రామకోటేశ్వరరావు. "నీది అన్నం పెడితే మాట వినే ఒళ్ళు. దానికి పెట్టవేం?"

ఆవిడ కాటా మీదే నిలబడి ఏడ్చింది. ఏడ్చి, దిగి, రెండు రాళ్ళనూ కొంగుతో తుడిచి త్రాసు పక్కన పెట్టింది. శుక్రవారం తూకం మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

"ఇవాళ కూరేంటమ్మా?" అని కోడల్ని అడిగింది.

"బీరకాయండీ. చప్పిడిగానే..."

"అట్టాగే చెయ్యి. నాక్కూడా పెట్టు."

మధ్యాహ్నం నలుగురూ ఒక్కసారే కూర్చున్నారు. భర్త లేవకముందు సీతారావమ్మ పళ్లెం ముందు కూర్చోవడం అదే మొదలు. ఆయన మజ్జిగన్నం నాలుగు ముద్దలు తిని చెయ్యి ఆపాడు. ఇంకొక్కటి అనబోయి, ఆ మాటను తన ముద్దతో పాటే మింగింది ఆవిడ. ఆయన లేవలేదు. ఆవిడ పళ్లెం ఖాళీ అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాడు.